విప్పే ముందు వెతకాలి: పాత ఫోర్‌వీల్ జీపుకు వైద్యం

పాడేరు, చింతపల్లి, మారేడుమిల్లి వైపు ఘాట్‌రోడ్డు దిగి మట్టిదారి పట్టి లోపలికి వెళ్తే పాత జీపులు ఇంకా కనిపిస్తాయి. సంతకు సరుకు మోసేవి అవే. వానాకాలంలో బురద దాటి రోగిని ఆసుపత్రికి చేర్చేవీ అవే. వీటిలో కొన్ని ఒకప్పుడు సర్కారు కొలువు చేసి, వేలంలో అమ్ముడుపోయి, చేతులు మారి కొండలకు చేరినవి. వీటి ఇంజను సంగతి తెలిసినవాళ్లు దాదాపు ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు. ఇంజనులో పుట్టిన శక్తిని చక్రం దాకా మోసుకెళ్లే భాగాల గురించి నిదానంగా ఆలోచించేవాళ్లు మాత్రం తక్కువ. ఆ భాగాలకు వచ్చే జబ్బులు, వాటిని కనిపెట్టే పద్ధతి, బాగుచేసే తీరు ఇవాళ్టి మన ప్రసంగం.

మొదటే ఒక మాట. ఈ పనిలో డబ్బు వృథా అయ్యేది విడిభాగాల ఖరీదు వల్ల కాదు, రోగమొకటి మందొకటి కావడం వల్ల. "ఇది మార్చి చూద్దాం, తగ్గకపోతే అది మారుద్దాం" అనుకుంటూ గేర్‌బాక్సు దించుతారు, క్రౌను మారుస్తారు. చివరికి చూస్తే తప్పు ఒక చిన్న క్రాసులోనో, చిరిగిన రబ్బరు మౌంటులోనో ఉంటుంది. ఈ భాగాలన్నీ ఒకదానికొకటి ఇనుముతో ముడిపడి ఉన్నాయి కాబట్టి ఒకచోట పుట్టిన శబ్దం ఇంకోచోట వినిపిస్తుంది. అందుకే విప్పే ముందు వెతకాలి.

బండి పుట్టుక కొంచెం చెప్పుకుంటే అమరిక అర్థమవుతుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1941 నుంచి 1945 దాకా, అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. యుద్ధం ముగిశాక మన దేశంలో మహీంద్రా సంస్థ 1940ల చివర్లో బొంబాయిలో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది. తర్వాత దశాబ్దాల పాటు మన రోడ్ల మీద తిరిగిన మహీంద్రా జీపులు ఆ వంశానివే. ఇంజను మారింది, పెట్రోలు పోయి డీజిలు వచ్చింది, బాడీ పొడుగైంది. కానీ చక్రాలకు శక్తి అందించే పద్ధతి చాలాకాలం అదే.

ఆ పద్ధతి ఇది. ఇంజను వెనక క్లచ్. దాని వెనక గేర్‌బాక్సు. గేర్‌బాక్సు వెనక్కి అతుక్కుని ట్రాన్స్‌ఫర్ కేస్. అక్కడినుంచి ఒక ప్రొపెల్లర్ షాఫ్టు వెనక హౌసింగుకు వెళ్తుంది, ఇంకొకటి ముందు హౌసింగుకు. ప్రతి షాఫ్టుకూ రెండు కొనల్లో కీళ్లలా వంగే క్రాసులు. హౌసింగులో పినియన్, క్రౌను, డిఫరెన్షియల్. అక్కడినుంచి రెండు పక్కలకూ యాక్సిల్ షాఫ్టులు, చివర హబ్బులు, చక్రాలు. మామూలు దారిలో వెనక చక్రాలే లాగుతాయి. చిన్న లీవరు వేస్తే ముందు చక్రాలూ కలుస్తాయి. ట్రాన్స్‌ఫర్ కేస్‌లో హై, లో అని రెండు రేంజీలుంటాయి; లో వేస్తే వేగం తగ్గి బలం పెరుగుతుంది. పాత జీపుల్లో ముందు చక్రాలు కలపకుండా లో పడనివ్వని ఏర్పాటు ఒకటి లోపలే ఉంటుంది. లోలో వచ్చే బలమంతా వెనక యాక్సిల్ ఒక్కదాని మీదే పడితే షాఫ్టు విరగవచ్చు కాబట్టి అలా కట్టారు. లీవరు మొరాయిస్తోందని ఈ ఏర్పాటును తీసిపారేసే అలవాటు కొందరికి ఉంది. దయచేసి ఆ పని చేయకండి.

ఇక రోగ నిర్ధారణకు వద్దాం. బండిలో ఏదో హోరు, గురగుర వస్తోంది. అది ఎక్కడిదో కనిపెట్టడానికి బండి నిలిపి ఉంచే మూడు పరీక్షలు చేయవచ్చు. చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు అడ్డం పెట్టి, బండి ముందు ఎవరినీ నిలబడనివ్వకుండా మొదలుపెట్టండి.

మొదటిది: ఇంజను నడుస్తుండగా గేరు న్యూట్రల్‌లో ఉంచి క్లచ్ వదలండి. శబ్దం ఉంటే, క్లచ్ తొక్కగానే అది ఆగిపోతే, తప్పు గేర్‌బాక్సు లోపలిది. క్లచ్ పైకి ఉన్నప్పుడు గేర్‌బాక్సు మొదటి షాఫ్టు, కింది షాఫ్టు తిరుగుతూ ఉంటాయి. వాటి బేరింగులు అరిగితే ఇలా మోగుతాయి. రెండోది: క్లచ్ తొక్కినప్పుడే శబ్దం మొదలైతే అది క్లచ్ రిలీజ్ బేరింగు. మూడోది: ట్రాన్స్‌ఫర్ కేస్‌ను న్యూట్రల్‌లో పెట్టి, గేరు వేసి, మెల్లగా క్లచ్ వదలండి. బండి కదలదు. ట్రాన్స్‌ఫర్ కేస్ లోపలికి వచ్చే గేరు, దాన్ని ఆనుకున్న మధ్య గేరు మాత్రం తిరుగుతాయి. ఇప్పుడు కొత్తగా శబ్దం వస్తే మధ్య గేరు బేరింగుల మీద కన్నేయాలి. ఆ బేరింగులు అరగడం ఈ జీపులకు పాత జబ్బే.

నిలబడి ఉన్నప్పుడు ఏ శబ్దమూ రాకుండా, నడుస్తున్నప్పుడే వస్తే అప్పుడు రోడ్డు మీదికి తీసుకెళ్లాలి. అన్ని గేర్లలో హోరు వచ్చి, టాప్ గేరులో తగ్గిపోతే గేర్‌బాక్సును అనుమానించండి. టాప్ గేరులో శక్తి నేరుగా వెళ్లిపోతుంది, గేర్‌బాక్సు పళ్ల మీద భారం పడదు. టాప్‌లో కూడా అదే హోరు ఉంటే తప్పు ట్రాన్స్‌ఫర్ కేస్‌లోనో హౌసింగులోనో ఉంది. పాత జీపుల్లో వాడిన స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ కేస్‌లో, హైలో ఉన్నా సరే, శక్తి మధ్య గేరు మీదుగా వెళ్లాల్సిందే. అందుకని అది ఏ గేరులోనూ విశ్రాంతి తీసుకోదు.

హౌసింగు జబ్బయితే యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు ఇంకో రకంగా కూస్తుంది. పళ్లకు రెండు ముఖాలుంటాయి. తొక్కినప్పుడు ఒక ముఖం, వదిలినప్పుడు రెండో ముఖం భారం మోస్తాయి. ఏ ముఖం అరిగిందో ఆ సమయంలో మోత పెరుగుతుంది. తొక్కినా వదిలినా మార్పు లేకుండా, స్టీరింగు కాస్త కుడికో ఎడమకో తిప్పినప్పుడు మాత్రమే మారే హోరు చక్రం బేరింగుది. తారు నుంచి సిమెంటు రోడ్డుకో మట్టికో మారగానే మారిపోయే శబ్దం టైరుది. ఈ మూడింటినీ వేరు చేయగలిగితే సగం వైద్యం అయినట్టే.

ఇప్పుడు ఒక బండిని తీసుకుందాం. వేలంలో కొన్న పాత జీపు. యజమాని మెకానిక్ షెడ్డుకు తెచ్చి మూడు ఫిర్యాదులు చెప్పాడు. "అన్నా, గేరు వేసి క్లచ్ వదిలితే కింద టక్కుమంటోంది. హ్యాండ్‌బ్రేకు పట్టడం లేదు. బురదలో ఫోర్‌వీల్ వేసినా ముందు చక్రాలు లాగడం లేదు." మూడూ వేర్వేరు ఫిర్యాదుల్లా ఉన్నాయి. ఒక్కొక్కటీ చూద్దాం.

టక్కుమనే శబ్దం ఎక్కడో ఉన్న లూజు చెప్పే సంగతి. ఇంజను ఆపి, చక్రాలకు దిమ్మలు వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వదిలి బండి కిందకు వెళ్లండి. వెనక ప్రొపెల్లర్ షాఫ్టును రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. ఏ కీలు దగ్గర ఒక పక్క కదిలి రెండో పక్క కదలకపోతే లూజు అక్కడే. క్రాసులో కంటికి కనిపించే కదలిక ఏమాత్రం ఉండకూడదు. క్రాసు కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పుపొడి కనిపిస్తే లోపల గ్రీజు ఎండిపోయి సూదుల్లాంటి రోలర్లు ఒరుసుకుంటున్నాయని అర్థం. అలాంటి క్రాసు విప్పితే కాడల మీద వరసగా గాట్లు కనిపిస్తాయి. అది ఇక గ్రీజుతో బాగుపడదు.

క్రాసులు బాగుండి, షాఫ్టు కదిలాక చాలాసేపటికి గానీ చక్రం కదలకపోతే లూజు హౌసింగు లోపలిది. ఇక్కడ తొందరపడి క్రౌను, పినియన్ మార్చవద్దు. క్రౌనుకీ పినియనుకీ మధ్య ఉండాల్సిన సందు సుమారు 0.13 నుంచి 0.25 మిల్లీమీటర్లు. దాన్ని డయల్ గేజుతో కొలవాలి, చేతికి అందే లెక్క కాదది. చేతికి బాగా తెలిసే లూజు చాలాసార్లు డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్ల వాషర్లు అరగడం వల్ల, యాక్సిల్ షాఫ్టు పళ్లు అరగడం వల్ల వస్తుంది. వాషర్లు మారిస్తే పోయే లూజుకు క్రౌను సెట్టు కొనడం అన్యాయం.

రెండో ఫిర్యాదు హ్యాండ్‌బ్రేకు. చాలామంది వెంటనే వెనక చక్రాల డ్రమ్ములు విప్పుతారు. పాత జీపుల్లో హ్యాండ్‌బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక, ప్రొపెల్లర్ షాఫ్టు మొదట్లో ఒక చిన్న డ్రమ్ము ఉంటుంది, అది పట్టేది షాఫ్టును. అక్కడి ఆయిల్ సీలు పాడైతే నూనె కారి లైనింగు తడుస్తుంది. కాబట్టి హ్యాండ్‌బ్రేకు పట్టకపోవడం బ్రేకు జబ్బు కాకపోవచ్చు, ట్రాన్స్‌ఫర్ కేస్ సీలు చెప్పుకుంటున్న మొర కావచ్చు. నూనె పీల్చిన లైనింగును తుడిచి మళ్లీ పెట్టకండి, మార్చండి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఆ దుమ్మును గాలి కొట్టి ఊదవద్దు. తడిగుడ్డతో తుడవండి.

సీలు మార్చే ముందు ఇంకో మూడు చూడాలి. సీలు పెదవి ఒరుసుకునే చోట షాఫ్టు యోకు మీద గాడి పడిందా? పడితే కొత్త సీలూ నిలవదు. షాఫ్టు ముందుకీ వెనక్కీ ఊగుతోందా? ఊగితే బేరింగు దగ్గర షిమ్ములు సరిచేయాలి. గాలి పోయే బ్రీదరు రంధ్రం మట్టితో మూసుకుపోయిందా? మూసుకుపోతే లోపల వేడెక్కిన గాలి బయటికి పోయే దారి లేక నూనెను సీలు మీదుగా తోసేస్తుంది. పైసా ఖర్చు లేకుండా, శుభ్రం చేస్తే పోయే కారుడు ఇది.

ఇక్కడే ప్రాణాలకు సంబంధించిన హెచ్చరిక. హ్యాండ్‌బ్రేకు పట్టేది వెనక షాఫ్టును కాబట్టి, ఆ షాఫ్టు విప్పిన క్షణంలో బండికి హ్యాండ్‌బ్రేకు లేనట్టే. వెనక చక్రాల్ని ఆపే గేరూ లేనట్టే. వెనక ఒక చక్రాన్ని జాకీ మీద లేపినా అంతే. డిఫరెన్షియల్ ఆ లేచిన చక్రాన్ని తిరగనిస్తుంది కాబట్టి నేలమీది చక్రం కూడా దొర్లిపోగలదు. దిమ్మలు లేకుండా, స్టాండ్లు లేకుండా, ఉత్త జాకీని నమ్మి బండి కింద పడుకోకండి. షెడ్డులో కుర్రాళ్లకు మొదటి రోజు నేర్పాల్సిన పాఠం ఇదే.

మూడో ఫిర్యాదు: ముందు చక్రాలు లాగడం లేదు. లీవరు కదిలింది కదా అని లోపల గేరు కదిలిందనుకోకూడదు. వెనక చక్రాలకు దిమ్మలు వేసి, ముందు యాక్సిల్‌ను స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. ఇంజను ఆపి, గేరు వేసి, ఫోర్‌వీల్ లీవరు వేయండి. ముందు ప్రొపెల్లర్ షాఫ్టును చేత్తో తిప్పి చూడండి. గట్టిగా నిలవాలి. గిర్రున తిరిగితే ట్రాన్స్‌ఫర్ కేస్‌లో ఫోర్‌వీల్ పడలేదు. లింకేజీ తుప్పు పట్టిందో, లోపలి ఫోర్కు అరిగిందో చూడాలి. షాఫ్టు నిలిచి ఉంటే ఇప్పుడు, చక్రాన్ని యాక్సిల్ షాఫ్టుతో కలిపే హబ్బులు లాక్ చేసి ఒక ముందు చక్రాన్ని తిప్పండి. రెండోది ఎదురు దిశలో తిరగాలి. తిరగకపోతే రెండు పక్కల్లో ఒకచోట హబ్బు పట్టడం లేదు, లేదా షాఫ్టు విరిగింది. హబ్బు మూత తీసి, షాఫ్టు కొన చక్రంతోపాటు తిరుగుతోందో లేదో చూస్తే ఏ పక్కో తెలుస్తుంది.

ఒక్క పక్క హబ్బు పాడైతే రెండో చక్రం ఎందుకు లాగదని చాలామంది అడుగుతారు. డిఫరెన్షియల్ స్వభావం అది. అడ్డు తక్కువున్న వైపుకే తిరుగుడంతా పోతుంది. ఒకపక్క తెగితే ఆ తెగిన కొన ఊరికే తిరుగుతుంది, రెండో పక్క చక్రం బలం అందక నిలబడిపోతుంది. అందుకే ఒక చిన్న హబ్బు తప్పుతో ముందు యాక్సిల్ మొత్తం పడకేస్తుంది.

ఫోర్‌వీల్ పడి, బరువెక్కగానే ఎగిరి బయటికి వచ్చేస్తే దాని దారి వేరు. తక్కువ ఖర్చు నుంచి ఎక్కువ ఖర్చుకు వెళ్లండి. మొదట గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేస్ మోసే రబ్బరు మౌంట్లు చూడండి. మారుతి జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్‌బాక్సుకు అతుక్కోకుండా విడిగా రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది. ఆ రబ్బరు చిరిగితే పెట్టె మొత్తం మెలితిరిగి లీవరు జారిపోతుంది. తర్వాత లింకేజీ. తర్వాత లోపలి స్ప్రింగూ గోళీ. అన్నీ బాగుంటేనే ఫోర్కు, గేరు పళ్ల దగ్గరికి రండి.

ఇంకొక సమస్య ఉంది, అది జబ్బు కాదు, వాడకంలో పొరపాటు. ఫోర్‌వీల్ వేసి ఎండిన తారురోడ్డు మీద తోలితే స్టీరింగు బరువెక్కుతుంది, లీవరు బిగుసుకుని వెనక్కి రాదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాలకన్నా పెద్ద వంపు తిరుగుతాయి. ఈ బండ్లలో ముందుకీ వెనక్కీ మధ్య డిఫరెన్షియల్ లేదు. ఆ తేడా ఎక్కడికీ పోలేక షాఫ్టుల్లో మెలికగా నిలిచిపోతుంది. బురదలో, ఇసుకలో చక్రం కాస్త జారి ఆ మెలిక విప్పేస్తుంది, తారు మీద జారదు. లీవరు బిగుసుకుంటే సుత్తితో కొట్టవద్దు. తిన్నగా కొన్ని మీటర్లు వెనక్కి నడపండి, వదులవుతుంది.

ముందూ వెనకా టైర్లు వేర్వేరు సైజుల్లో ఉన్నా ఇదే జరుగుతుంది. రేడియస్‌లో 1 సెంటీమీటరు తేడా ఉంటే చుట్టుకు 6 సెంటీమీటర్లకు పైగా తేడా, కిలోమీటరు దూరానికి దాదాపు 28 మీటర్లు. అన్ని మీటర్ల తేడానూ గేర్లే మింగాలి. వేలంలో కొన్న బండికి ఇంకో ప్రమాదం కూడా ఉంది. యుద్ధకాలపు విల్లీస్ హౌసింగులో నిష్పత్తి 4.88, తర్వాతి సీజే మోడళ్లలో 5.38. ఎవరో పాత సామాను కొట్లో దొరికిన హౌసింగు ఒకటి ముందు బిగిస్తే కిలోమీటరుకు దాదాపు 100 మీటర్ల తేడా వస్తుంది. దీన్ని విప్పకుండానే తేల్చవచ్చు. మొదట హబ్బులు లాక్ చేసి, ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో పెట్టి, ఫోర్‌వీల్, హ్యాండ్‌బ్రేకు వదిలి, నేల మీద ఉండే మూడు చక్రాలకూ దిమ్మలు వేయండి. ఒక చక్రాన్ని లేపి స్టాండు మీద ఉంచి, సరిగ్గా రెండు చుట్లు తిప్పుతూ ఆ యాక్సిల్‌కు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. ఆ సంఖ్యే నిష్పత్తి. ముందూ వెనకా రెండు యాక్సిళ్లకూ ఒకే సంఖ్య రావాలి.

ఇక బాగుచేసే పని గురించి నాలుగు మాటలు. ప్రొపెల్లర్ షాఫ్టు విప్పేముందు అన్ని జాయింట్ల మీదా సుద్దతోనో రంగుతోనో గుర్తు పెట్టండి. క్రాసు వంగి తిరిగేటప్పుడు చుట్టుకు రెండుసార్లు వేగం హెచ్చుతగ్గులవుతుంది. ఒక కొనలోని హెచ్చును రెండో కొనలోని తగ్గు సరిచేయాలంటే షాఫ్టు రెండు కొనల యోకులూ ఒకే వరసలో ఉండాలి. జారే పళ్లలో ఒక పన్ను తప్పి బిగించినా వణుకు మొదలవుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో ఆ షాఫ్టు నిమిషానికి సుమారు 2,400 చుట్లు తిరుగుతుంది. అంత వేగంలో చిన్న తేడా కూడా బేరింగుల్ని, సీళ్లను తినేస్తుంది. వంగిన షాఫ్టుకు అతుకు వేయించి బ్యాలెన్సు చూడకుండా బిగించడం అందుకే తప్పు.

కొత్త క్రాసు కప్పుల్ని సుత్తితో కొట్టకండి, వైసులో పెట్టి తిన్నగా నొక్కండి. లోపల ఒక్క రోలరు పడిపోయినా లాకు తన గాడిలో కూర్చోదు. కూర్చోలేదంటే బలవంతం చేయకుండా కప్పు తీసి చూడండి. బిగించాక క్రాసు చేతికి సులువుగా తిరగాలి. గ్రీజు నాలుగు కప్పుల అంచుల నుంచీ బయటికి వచ్చేదాకా కొట్టాలి. క్రౌను, పినియన్ ఎప్పుడూ జతగానే మార్చాలి. ఫ్యాక్టరీలో వాటిని కలిపి ఒరిపిడి పట్టి, జత నంబరు కొడతారు. ఒకటి కొత్తది, ఒకటి పాతది పెడితే కొన్నాళ్లకే రెండూ పోతాయి. బిగించాక పళ్ల మీద రంగు పూసి తిప్పి, అచ్చు పన్ను మధ్యలో పడుతోందో లేదో చూసిన తర్వాతే మూత వేయాలి.

నూనె సంగతి చివరికి పెట్టాను గానీ అది మొదటి మందు. హైపాయిడ్ రకం క్రౌను, పినియన్ ఉన్న హౌసింగుకు జీఎల్-5 నూనె కావాలి. ఇత్తడి సింక్రో రింగులున్న పాత గేర్‌బాక్సుకు జీఎల్-4 మేలు. వాగు దాటిన బండికి మాత్రం ప్రత్యేకమైన జాగ్రత్త అవసరం. నడిచి వేడెక్కిన హౌసింగు చల్లటి నీళ్లలో మునగగానే లోపలి గాలి కుంచించుకుని సీలు సందుల్లోంచి నీళ్లను లాక్కుంటుంది. మర్నాడు ప్లగ్గు వదులు చేసి చూడండి. నూనె పాలు కలిపిన టీ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా మార్చండి. వడగట్టినా అది తిరిగి పనికిరాదు. తీసిన నూనెను పారబోసేముందు చూడండి కూడా. బూడిదరంగు మెత్తటి ముద్ద కొంచెం ఉంటే మామూలే. ఇత్తడి రంగు మెరుపులుంటే సింక్రో రింగులో బుష్షులో అరుగుతున్నాయి. ఇనుప పెంకులుంటే ఏదో బేరింగు, ఏదో పన్ను పోతోంది. బండి తన జబ్బును ముందుగా రాసిచ్చే కాగితం ఆ నూనె.

క్రౌను సందు కొలిచే డయల్ గేజు తప్ప, ఈ పరీక్షల్లో దేనికీ ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. రెండు చేతులు, చెవులు, దిమ్మలు, స్టాండ్లు, కొంత ఓపిక చాలు. ఈ విద్య కొండ ఊళ్ల కుర్రాళ్లకు, ఐటీఐలో చదివే పిల్లలకు అందాలని నా గాఢమైన కోరిక. ఆ పాత జీపు దారిలో ఆగితే అక్కడ నష్టపోయేది యజమాని ఒక్కడే కాదు. పక్క ఊరి బాలింత, సంతకు వెళ్లాల్సిన రైతు, పరీక్షకు బయల్దేరిన పిల్లవాడు కూడా.

బండి యజమానులకు ఒక విన్నపం. ఈసారి షెడ్డుకు వెళ్లేటప్పుడు "ఏదో శబ్దం వస్తోంది" అని మాత్రమే చెప్పకండి. నాలుగు సంగతులు గమనించి వెళ్లండి: ఏ వేగంలో వస్తోంది, ఏ గేరులో, తొక్కినప్పుడా వదిలినప్పుడా, తిన్నగా పోతున్నప్పుడా మలుపులోనా. మెకానిక్ సోదరులకూ ఒక విన్నపం. ఆ నాలుగు సంగతులూ అడిగి తెలుసుకునే దాకా పానా చేతికి తీసుకోకండి.